మూడో తరగతి వెయిటింగు హాలు

రైలు రాని స్టేషన్ ఒకటుంది. బండి రాదు, బండి పోదు, టికెట్టు అడిగేవాడు లేడు. ముఖద్వారం పైనున్న పెద్ద గడియారం మాత్రం ఠంచనుగా నడుస్తూనే ఉంటుంది. దక్షిణ కొరియా రాజధాని సియోల్ నడిబొడ్డున ఉందది. ఎర్ర ఇటుక గోడలు, మధ్య మధ్య తెల్లటి రాతి పట్టీలు, నడినెత్తిన బోర్లించిన గంగాళంలాంటి గుమ్మటం. పక్కనే అద్దాలతో తళతళలాడే కొత్త స్టేషన్. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే బండ్లన్నీ అక్కడికే వస్తాయి. పెట్టెలు ఈడ్చుకుంటూ వెళ్ళే జనం ఈ ఎర్ర కట్టడం ముందునుంచే పోతారు. చాలామంది తల తిప్పి కూడా చూడరు.

చూసినవాళ్ళకు పేరు దగ్గరే అనుమానం వస్తుంది. 'కల్చర్ స్టేషన్ సియోల్ 284' అని ఉంటుంది అక్కడ. 284 ఏమిటి? బండి నంబరా, ప్లాట్‌ఫాం నంబరా? రెండూ కాదు. 1981లో కొరియా ప్రభుత్వం ఈ స్టేషన్‌ను చారిత్రక స్థలంగా గుర్తించినప్పుడు జాబితాలో పడిన వరస సంఖ్య అది. తమాషా ఏమిటంటే, 2021లో ఆ దేశం వారసత్వ కట్టడాలకు ఇలా నంబర్లు వేసి పిలిచే పద్ధతినే ఎత్తేసింది. నంబరు తక్కువైతే గొప్పది, ఎక్కువైతే తక్కువది అని జనం లెక్కలు కడుతున్నారని! అలా సర్కారు పద్ధతిలోంచి పోయిన నంబరు స్టేషన్ పేరులో నిలిచిపోయింది.

రండి, లోపలికి వెళ్దాం.

తలుపు దాటగానే నడిమి హాలు. దాని చుట్టూ రాతి స్తంభాలు, పైన రంగుటద్దాల కప్పు. మొదట వేసిన అద్దాలు కొరియా యుద్ధంలో పోయాయి, ఇప్పుడు ఉన్నవి తరవాతివి. వాటిలో కనిపించేది ఒక నాట్యం. పున్నమి వెన్నెల్లో ఆడవాళ్ళు చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట అది. బతుకమ్మ ఆడినవాళ్ళకు, గొబ్బి తట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు కొరియాను ఏలిన జపాన్ వాళ్ళు కట్టిన గుమ్మటం కింద కొరియా పల్లె ఆడవాళ్ళ ఆటను తెచ్చిపెట్టారన్నమాట. ఎవరు పెట్టారో గానీ, పెట్టాల్సిన చోటే పెట్టారు.

హాలుకు ఒకవైపు మూడో తరగతి వెయిటింగు హాలు. మరోవైపు ఒకటీ రెండూ తరగతుల వెయిటింగు గది, దాన్ని ఆనుకుని ఆడవాళ్ళ వెయిటింగు గది, ఇంకాస్త లోపలికి పెద్దల గది. పెద్దల గదిలో చలిమంట గూడు, గోడలకు అలంకారం, అంతా దొరల బంగళా ఠీవి. ఇవాళ ఈ గదులన్నిట్లో బొమ్మలు పెడతారు, నాటకాలు ఆడతారు, సంగీతం వినిపిస్తారు. పాత పేర్లు మాత్రం మార్చలేదు. 'ఫలానా చిత్రకారుడి పనులు మూడో తరగతి వెయిటింగు హాలులో చూడండి' అని ఇప్పటికీ చెబుతారు. దాతల పేర్లు, మంత్రుల పేర్లు తగిలించే రోజుల్లో ఇది చిన్న విషయమేమీ కాదు.

ఇంకో గది పేరు వింటే మీకు నవ్వొస్తుంది. ఆర్‌టీఓ. లైసెన్సు కోసం మనం చెప్పులరగదీసే ఆఫీసు కాదులెండి. 1945 తర్వాత అమెరికా సైన్యం తన సైనికుల రైలు ప్రయాణాల ఏర్పాట్లకు ఇక్కడో కార్యాలయం నడిపింది. దాని పొడి అక్షరాలవి. అమెరికా సైనికులు వెళ్ళిపోయారు, గదికి ఆ పేరు ఉండిపోయింది. ఇప్పుడు అందులో ప్రదర్శనలు జరుగుతుంటాయి.

నన్నడిగితే, ఈ కట్టడంలో అన్నిటికన్నా తీరిగ్గా చూడాల్సింది పై అంతస్తులోని మంగలి గది. అవును, ఆ రోజుల్లో ప్రయాణికులకు అక్కడే క్షవరం చేసేవారు. మిగతా గదులన్నిటికీ గచ్చులూ రంగులూ వేసి స్టేషన్ కట్టిన 1925 నాటి రూపానికి తెచ్చినవాళ్ళు, ఈ ఒక్క గదిని మాత్రం పూర్తిగా కప్పలేదు. గోడ పొట్ట విప్పినట్టు ఇటుకలు కనబడతాయి. పాత గచ్చు ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. బాగుచేసేటప్పుడు ఊడదీసిన పాత ముక్కలూ అక్కడే ఉన్నాయి. కొత్తదాన్ని పాతదని నమ్మించే పని పెట్టుకోలేదు వాళ్ళు. మన గుళ్ళ గోడలమీద పాత శాసనాలకు సున్నం కొట్టేవాళ్ళను ఒకసారి ఈ మంగలి గదికి తీసుకెళ్ళాలని నా కోరిక.

సరే, ఈ స్టేషన్ ఎందుకు కట్టారు? ఎవరి కోసం కట్టారు?

1900లో ఇక్కడ ఉన్నది నమ్‌దేమున్ అనే చిన్న చెక్క స్టేషన్. దక్షిణ ద్వారం అని ఆ పేరుకు అర్థం. 1905కల్లా దక్షిణాన పూసాన్ రేవు దాకా, ఆ మరుసటేడు ఉత్తరాన చైనా పొలిమేరలోని సినుయిజు దాకా పట్టాలు పడ్డాయి. వేసింది జపాన్. పూసాన్‌లో పడవ దిగిన జపాన్ సైనికుడు రైలెక్కి నేరుగా మంచూరియా చేరాలి, అసలు ఉద్దేశం అది. ఆ పట్టాల కోసం రైతుల భూములు పోయాయి, ఊళ్ళకు ఊళ్ళను కూలికి తోలారు. 1904లో రైలు మార్గాన్ని దెబ్బతీశారని ముగ్గురు కొరియన్లను సియోల్ శివార్లలో కాల్చి చంపారు. 1910కల్లా దేశమే జపాన్ చేతికి పోయింది.

1919 మార్చిలో కొరియా అంతటా స్వాతంత్ర్యం కోసం జనం వీధుల్లోకి వచ్చారు. మన దగ్గర జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగిందీ ఆ మరుసటి నెలలోనే. ఉద్యమాన్ని రక్తంలో ముంచాక, సైతో మకోతో అనే కొత్త గవర్నర్ జనరల్‌ను జపాన్ పంపింది. సెప్టెంబర్ 2న ఆయన నమ్‌దేమున్ స్టేషన్‌లో రైలు దిగి గుర్రపు బండి ఎక్కాడు. గుంపులోంచి బాంబు వచ్చి పడింది. సైతోకు ఏమీ కాలేదు గానీ, చుట్టూ ఉన్నవాళ్ళలో ముప్పై మందికి పైగా గాయపడ్డారు.

వేసినవాణ్ణి పట్టుకోవడానికి పోలీసులకు రెండు వారాలు పట్టింది. బహుశా వాళ్ళు కుర్రాళ్ళ కోసం వెతికి ఉంటారు. వేసినాయనకు 64 ఏళ్ళు. పేరు కాంగ్ ఊ గ్యూ. నాడి చూసి మందిచ్చే సంప్రదాయ వైద్యుడు. రష్యాలోని వ్లాదివొస్తోక్‌లో ప్రవాస కొరియన్లు పెట్టుకున్న వృద్ధుల సంఘంలో సభ్యుడు. వినడానికి భజన బృందంలా ఉంటుంది గానీ, ఆ సంఘం చేసిన పని ఇది! 1920 నవంబర్‌లో ఆయన్ను ఉరి తీశారు. ఇవాళ ఎర్ర ఇటుకల స్టేషన్ ముందు నిలబడి ఉన్న విగ్రహం ఆయనదే. స్టేషన్‌ను కట్టించిన దొర విగ్రహం ఇక్కడెక్కడా కనిపించదు.

బాంబు పడిన మూడేళ్ళకు, 1922లో, జపాన్ వాళ్ళు కొత్త స్టేషన్ మొదలుపెట్టారు. నమూనా గీసింది తోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు త్సుకమోతో యసుషి. చూడగానే ఐరోపాలో ఎక్కడో ఉన్నట్టుంటుంది. స్విట్జర్లాండ్‌లోని లుసెర్న్ పాత స్టేషన్ పోలికలున్నాయని చెబుతారు. 1925లో పూర్తయింది. అప్పటికి సియోల్ పేరు గ్యంగ్‌సంగ్, కనుక ఇది గ్యంగ్‌సంగ్ స్టేషన్. పైన 'గ్రిల్' అనే పాశ్చాత్య భోజనశాల, కింద కాఫీ దొరికే టీ గది. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు రైలెక్కే పని లేకపోయినా కత్తీ చెంచాలతో తినే ముచ్చట తీర్చుకోవడానికి ఇక్కడికి వచ్చేవారు.

డబ్బు లేనివాళ్ళూ వచ్చేవారు. వాళ్ళ వల్లే ఈ స్టేషన్ కొరియా సాహిత్యంలోకి ఎక్కింది.

ఈ సాంగ్ అని ఒక రచయిత. 1910లో, అంటే దేశం పోయిన ఏడాదే పుట్టాడు. భవన నిర్మాణ శాస్త్రం చదివి, ప్రభుత్వ కొలువులో నక్షాలు గీసి, అది మానేసి టీ కొట్టు పెట్టి, దాన్నీ నడపలేక, క్షయతో 27 ఏళ్ళు నిండకుండానే తోక్యోలో పోయాడు. 1936లో ఆయన రాసిన 'రెక్కలు' అనే కథలో పనీపాటా లేని ఒక మగవాడు ఉంటాడు. భార్య సంపాదనమీద బతుకుతుంటాడు. ఆ సంపాదన ఎలాంటిదో తెలిసీ తెలియనట్టు ఉంటాడు. అర్ధరాత్రి దాకా ఇంటికి వెళ్ళడానికి లేదు కనుక స్టేషన్ టీ గదిలో కూర్చుంటాడు. అక్కడే ఎందుకు? తెలిసినవాళ్ళు తారసపడరు, అదొకటి. ఇంకోటి, ఊళ్ళోని ఏ గడియారం కన్నా అక్కడి గడియారం సరిగ్గా ఉంటుందని అతనికి నమ్మకం. చేరాల్సిన చోటు లేనివాడికి సరైన టైముతో ఏం పని? ఆ ఒక్క చోట కథ గుండెలో గుచ్చుకుంటుంది. మొదట్లో చెప్పానే, ముఖద్వారం మీది గడియారం, అది కొరియా యుద్ధంలో మూడు నెలలు తప్ప ఎప్పుడూ ఆగలేదని సియోల్ వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నేనైతే దాన్ని చూసినప్పుడల్లా ఈ సాంగ్ గడియారం అనుకుంటాను.

ఆయన స్నేహితుడు పాక్ తే వన్. 1934లో 'నవలాకారుడు కుబో గారి ఒక రోజు' అని పత్రికలో ధారావాహికగా రాశాడు. కుబోకు ఉద్యోగం లేదు, పెళ్ళి కాలేదు. పొద్దున ఇల్లు విడిచి ఊరంతా కాలినడకన, ట్రాములో తిరుగుతాడు. ఒంటరితనం భరించలేక ఈ స్టేషన్‌కు వస్తాడు. మూడో తరగతి వెయిటింగు హాలులోకి నడుస్తాడు. ఇంతమంది కూర్చున్న చోట కాస్త మనుషుల వెచ్చదనం దొరక్కపోతుందా అని ఆశ. తీరా చూస్తే పక్కపక్కనే ఒరుసుకుని కూర్చున్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఎవరి మూటమీద వాళ్ళకే కన్ను. జబ్బు మనిషి పక్కన చోటున్నా కూర్చోరు. అప్పటి కొరియాలో మూడో తరగతి వెయిటింగు హాలు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆ నాలుగు పుటలు చాలు. పాక్ తే వన్ యుద్ధకాలంలో ఉత్తర కొరియా వెళ్ళిపోయాడు. అలా వెళ్ళిన రచయితల పుస్తకాలను దక్షిణ కొరియాలో 1988 దాకా అచ్చు వేయనివ్వలేదు. ఇంకో మాట. మనవాళ్ళు ఎగబడి చూసిన 'పారసైట్' సినిమా తీసిన బోంగ్ జూన్ హో ఈయన కూతురి కొడుకే. మేడ కింద నేలమాళిగలో బతికేవాళ్ళ కథ చెప్పిన మనవడికీ, మూడో తరగతి హాలులో కూర్చున్న తాతకూ ఏదో పోలిక ఉందనిపించడం నా ఊహే కావచ్చు.

1936లోనే ఈ స్టేషన్ మీదుగా ఒక పరుగువీరుడు వెళ్ళాడు. సన్ కీ జంగ్. బెర్లిన్ ఒలింపిక్స్‌కు ప్రయాణం. పూసాన్ దగ్గర రైలెక్కితే సియోల్, సినుయిజు, మంచూరియా, సైబీరియా, అలా పట్టాలమీదనే బెర్లిన్! మారథాన్‌లో 2 గంటల 29 నిమిషాల 19 సెకన్లకు మొదట వచ్చాడు. ఛాతీమీద ఉన్నది మాత్రం జపాన్ జెండా, పలికిన పేరు జపాన్ పద్ధతి పేరు. బహుమతి అందుకునేటప్పుడు తల వంచుకుని, చేతిలో ఇచ్చిన ఓక్ మొక్కతో ఆ జెండాను కప్పుకున్నాడు. సియోల్‌లో ఒక పత్రిక ఆయన ఫొటోలోంచి జెండాను చెరిపి అచ్చువేసింది. ఆ పత్రికను నెలల తరబడి మూయించారు. ఆ మొక్క చెట్టయి స్టేషన్ వెనక మిట్టమీద ఆయన పేరిట ఉన్న పార్కులో ఇప్పటికీ ఉంది. ఆయన వెళ్ళిన రైలు దారి మాత్రం లేదు. 1945లో విముక్తి వచ్చింది, దాంతోపాటే దేశం రెండు ముక్కలైంది. సియోల్‌లో ఎక్కి బెర్లిన్‌లో దిగే రోజులు పోయాయి. ఇప్పుడు ఉత్తరంగా పోతే సరిహద్దు ముళ్ళకంచె దగ్గర దొరసాన్ అనే స్టేషన్‌తో సరి. తూర్పు కొసన ఖండానికి అంటుకునే ఉన్నా, రైలు లెక్కన దక్షిణ కొరియా ఒక దీవి.

కొరియా యుద్ధం ముగిశాక ఈ స్టేషన్‌కు అసలు జనం వచ్చారు. కొరియా భాషలో సియోల్ వెళ్ళడాన్ని 'పైకి వెళ్ళడం' అంటారు, ఏ దిక్కునుంచి వచ్చినా సరే. పల్లెల్లో పొలం చాలక, తమ్ముళ్ళ చదువుల కోసం పదిహేను పదహారేళ్ళ ఆడపిల్లలు మూట కట్టుకుని పైకి వచ్చారు. బట్టల మిల్లుల్లో, విగ్గుల కార్ఖానాల్లో చేరారు. ఇవాళ మనం చూస్తున్న కొరియా వాళ్ళ చేతుల కష్టమే. వాళ్ళలో చాలామంది మొదట అడుగుపెట్టింది ఈ గుమ్మటం కిందే. పండగ వస్తే వాళ్ళంతా మళ్ళీ ఊళ్ళకు. సంక్రాంతికి సికింద్రాబాద్‌లో గోదావరి, గౌతమి బండ్ల దగ్గర తోపులాట చూసినవారు ఊహించుకోగలరు. 1960 జనవరి 26 రాత్రి, చాంద్రమాన సంవత్సరాదికి మొక్పో వెళ్ళే బండి కోసం జనం కాసుకుని ఉన్నారు. బండి కదిలే వేళకు కాస్త ముందు గేటు తీశారు. అందరూ ఒక్కసారి ప్లాట్‌ఫాం మెట్లమీదికి ఉరికారు. ముందున్నవాళ్ళు తూలి పడ్డారు, వెనకవాళ్ళు ఆగలేదు. 31 మంది చనిపోయారు. కొత్త సంవత్సరానికి అమ్మానాన్నలను చూడాలని బయల్దేరినవాళ్ళు!

1980 మే 15న ఇదే ఆవరణలో లక్షమంది దాకా విద్యార్థులు సైనిక పాలన వద్దంటూ చేరారు. సైన్యం దిగుతుందని కబురు. నాయకులు తర్జనభర్జన పడి, రక్తపాతం వద్దని ఆ రాత్రి వెనక్కి మళ్ళారు. రెండు రోజులకు దేశమంతా మార్షల్ లా. మూడో రోజున గ్వాంగ్జు నగరంలో సైన్యం ఊచకోత మొదలైంది. 2024లో నోబెల్ అందుకున్న హాన్ కాంగ్ నవల ఒకటి ఆ గ్వాంగ్జు గురించే. ఆ రోజు స్టేషన్ దగ్గరే నిలబడి ఉంటే ఏమయ్యేదన్న వాదన కొరియాలో ఇప్పటికీ తెగలేదు.

2004లో వేగపు రైళ్ళు వచ్చాయి, కొత్త స్టేషన్ లేచింది, పాతదానికి తాళం పడింది. ఏం చెయ్యాలి దీన్ని? ఈ ప్రశ్న అక్కడ తేలికైంది కాదు. ఎందుకంటే అంతకు తొమ్మిదేళ్ళ ముందే కొరియా వాళ్ళు ఒక మహాభవనాన్ని పడగొట్టారు. రాజుగారి కోట ముందు జపాన్ వాళ్ళు కట్టిన గవర్నర్ జనరల్ సౌధం అది. ఈ స్టేషన్ పూర్తయిన మరుసటేడే అదీ పూర్తయింది. స్వతంత్రం వచ్చాక దాన్ని జాతీయ మ్యూజియం చేశారు కూడా. అయినా 1995 ఆగస్ట్ 15న, విముక్తికి యాభై ఏళ్ళు నిండిన రోజున, దాని శిఖరాన్ని కోసి దించారు. మరుసటేటికి నేలమట్టం.

ఒకే చెయ్యి కట్టించిన రెండు కట్టడాల్లో ఒకటి పోయి, ఒకటి ఎందుకు మిగిలింది? రాళ్ళూ ఇటుకలూ అన్న తేడా కాదు. జపాన్ పాలనలో ఆ సౌధంలోకి కొరియా మామూలు మనిషి వెళ్ళిందే లేదు, వెళ్ళినా చేతులు కట్టుకుని వెళ్ళాడు. స్టేషన్‌లో కూర్చున్నాడు, నిద్రపోయాడు, తిన్నాడు, ఏడ్చాడు, పండక్కి ఊరెళ్ళాడు. కట్టించింది ఎవరైనా, అరిగించింది తాము. అరిగించినవాళ్ళదే ఇల్లు. అందుకే 2009లో మరమ్మతు మొదలుపెట్టి, 2011 ఆగస్ట్‌లో తలుపులు తెరిచి, అందరికీ వదిలారు.

లోటు లేదని అనను. లోపల తుడిచిపెట్టిన అద్దంలా ఉంది, అదే లోటు. వేరుసెనగ పొట్టు లేదు, పసిపిల్లల ఏడుపు లేదు. బయటి ఆవరణలో, 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత పెరిగిపోయిన ఇల్లులేని మనుషులు అట్టలు పరుచుకుని పడుకునే ఉంటారు. కుబో ఇప్పుడు వస్తే మనిషి వెచ్చదనం కోసం లోపలికి పోతాడా, బయటే ఉంటాడా? చెప్పలేను.

మన దగ్గరికి వస్తే, సికింద్రాబాద్ స్టేషన్ ముందరి పాత కట్టడం కొత్త నిర్మాణం కోసం పోయింది. దాని ముందు నిలబడి ఫొటో దిగని కుటుంబం తెలంగాణలో ఎంత తక్కువో! అక్కణ్ణుంచి కాస్త దూరంలో, 1916లో నిజాం కాలంలో కట్టిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాలతో సహా నిలిచి ఉంది, బండ్లూ వస్తున్నాయి. అందులో రైల్వే మ్యూజియం కూడా ఉంది. ఈసారి బండి ఆలస్యమైతే ఫోనులోంచి తల ఎత్తి ఒక్కసారి చూడండి.

సియోల్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఒక మాట. ఇంచన్ విమానాశ్రయంనుంచి వచ్చే రైలు చివరికి ఆగేది సియోల్ స్టేషన్‌లోనే. పైకి వచ్చి బయట నిలబడితే పక్కనే ఎర్ర ఇటుకలు కనిపిస్తాయి. చాలా ప్రదర్శనలకు టికెట్టు లేదు. సోమవారం సెలవు.